ఒక్క గుటక

మా అత్తయ్యా నేనూ ఉప్పూ నిప్పూ. కల్లంలో మిరపకాయలు పలచగా ఆరబోశానని ఒకరోజు, మందంగా ఆరబోశానని మరోరోజు, ఆవిడ నన్ను అనని మాట లేదు. నేనేం తక్కువ తినలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే మా ఇంటి గిన్నెలన్నిటికీ సొట్టలు పడ్డాయి. అలాంటి మనిషి ఆ కల్లంలోనే పక్షవాతంతో కూలిపోయింది. గుంటూరు ఆస్పత్రికి తెచ్చాం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మింగడం, అన్నీ పోయాయి.

ముక్కులో గొట్టం వేసి పాలు పోసేవాళ్ళు. ఆవిడ ఎడమ చేత్తో దాన్ని పీకేసేది. దాంతో ఆ చేతిని మంచానికి గుడ్డతో కట్టేశారు. కూలీలందరినీ చెయ్యెత్తి గదమాయించిన మనిషిని అలా చూడలేకపోయాను.

ఒక ఉదయం గొట్టం తీసి, కట్టు విప్పి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. "చెంచాడు నీళ్ళు దగ్గు రాకుండా మింగితే చాలండి. దగ్గొస్తే మళ్ళీ గొట్టం వెయ్యాల్సిందే, చెయ్యి కట్టాల్సిందే," అంది డాక్టరమ్మ.

నీళ్ళు నోట్లో పోసి, "మింగండమ్మా," అంది. అత్తయ్య బెదురుగా చూసింది. మాట తలకెక్కడం లేదు. నీళ్ళు పెదవి మూల నుంచి కారిపోయాయి.

"అమ్మా, మింగవే!" మా ఆయన అరిచాడు.

"మీరు కాసేపు నోరు మూసుకోండి," అన్నాను.

డాక్టరమ్మ చెంచా నా చేతికిచ్చింది. "మాటలొద్దు, మీరు మింగి చూపించండి. ఎదుటివాళ్ళు చేసేది చూస్తుంటే మన మెదడు కూడా లోపల ఆ పని మొదలుపెడుతుందండి."

నాకు నమ్మకం కుదరలేదు. పసిపిల్లలకు ముద్ద పెట్టేటప్పుడు మన నోరూ తెరుచుకుంటుందని మాత్రం తెలుసు.

చెంచా అందిస్తుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఆవిడదీ తెరుచుకుంది. నీళ్ళు పోసి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఉత్తినే గుటక వేశాను. ఆవిడ కదల్లేదు. మళ్ళీ వేశాను. భయానికి నా గొంతు ఎండిపోయింది. మింగండి అత్తయ్యా, మీ కాళ్ళు మొక్కుతాను అని లోపలే అనుకున్నాను. ఆవిడ చూపు నా గొంతు మీదే ఉంది.

ఆవిడ మెడ మీది ముడతలు కదిలాయి. నీళ్ళు దిగాయి. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. దగ్గు రాలేదు.

నాకొచ్చింది. ఎండిన గొంతు పట్టేసి ఉక్కిరిబిక్కిరయ్యాను. అత్తయ్య ఎడమ చెయ్యి చాపి, పక్కనున్న నీళ్ళ గ్లాసును నా వైపు నెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తాగాను. నా ప్రతి గుటకకూ ఆవిడ కూడా, నోట్లో నీళ్ళు లేకుండానే, గుటక వేసింది.