సుద్ద గీత లేని పలక

మా గడీ తలుపులు కూడా అమ్ముడుపోయాక నాకు మిగిలినవి ఇంటిపేరు, నిటారు నడుము. కరోనా తగ్గాక ఆ రెండింటితోనే దుబాయ్ దాపున ఉమ్ అల్ క్వైన్‌లో ఒక షెడ్డులో పనికి చేరాను.

అక్కడ రెండు రకాల మెగ్నీషియం పలకలను అతికేవాళ్ళం. మంట ఉండదు, లోహం కరగదు. గిర్రున తిరిగే ఉక్కు పిన్ను రెండింటి నడుమ దిగి, రాపిడికి మెత్తబడ్డ లోహాన్ని పిండిలా కలుపుకుంటూ పోతుంది. ఒక పలక గట్టిది, ఒకటి మెత్తనిది. పిన్ను తిరిగే తీరును బట్టి ఏది ఏ పక్కన ఉండాలో లెక్కుంది; తారుమారుగా పెడితే అతుకు లోపల కంటికి కనపడని బోలు మిగలవచ్చు. చూపుకు రెండూ ఒకటే వెండి రంగు. అందుకే గట్టిదాని మీద సుద్దతో గీత గీసేవాణ్ణి. అతుకు పక్కన నా నంబరు చెక్కిన ఉక్కు పంచిని సుత్తితో కొట్టాలి. ఆ ముద్ర పడితే పూచీ నాది.

ఒకరోజు ఫోర్‌మన్ పలకలన్నీ బ్రష్షుతో రుద్దించాడు. గీతలు పోయాయి. అయినా అతికించేశాడు. అతనిది మా పక్క ఊరు. వాళ్ళ తాత మా గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు. అది అతనూ మరవలేదు, నేనూ మరవలేదు.

"కొట్టు దొరా, ముద్ర కొట్టు. యల్లా, జల్ది, ముదీర్ వస్తుండు." ముదీర్ అంటే అక్కడ మేనేజరు.

"ఏ పలక ఎటుందో చెప్పు, కొడ్త."

"రెండూ మెరుస్తున్నయి గదా, ఏదెటుంటే ఏంది? ఇది మీ గడీ గాదు."

"గడీ అయితే నిన్ను అడుగుతుంటినా? చివర ముక్క కోసి వంచి చూద్దాం. లోపల బోలుంటే విరుగుతది."

నవ్వాడు. "విరగకపోతే?"

"పొడి నేనే ఊడుస్త."

కోతల్లో రాలిన ఆ పొడి ఊడ్చే పని ఎవరికీ గిట్టదు. మెగ్నీషియం పొడికి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది, నీళ్ళు చల్లితే ఇంకా రేగుతుంది. ఇసుకే దిక్కు.

అందరూ చుట్టూ మూగారు. ముక్కను బల్ల మీది వైసు దవడల్లో బిగించి వంచాను. విరగలేదు. చిన్న నెర్రె కూడా పడలేదు.

"ఖలాస్! చీపురు పట్టు దొరా."

ముందు ముద్ర కొట్టాను. తర్వాతే చీపురు పట్టాను. మా ఇంట్లో మగవాడెవడూ పట్టని చీపురు. మూలమూలలా ఊడ్చాను, ఎవరు చూస్తున్నా తల దించలేదు.

మర్నాడు గీతల్లేని పలకలే మళ్ళీ అతికి నా ముందు పెట్టాడు.

"నిన్న చూసినవు గదా?"

"నిన్నటి ముక్క నిన్నటిదే." పంచి జేబులో వేసుకుని వైసు విప్పాను.

"మళ్ళా ఊడుస్తవా?"

"ఊడుస్త. ముక్క కొయ్యి."