నెర్హాలో చామంతులు, తార్నాకలో సున్నం

మా అక్క సుగుణ తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌కు నడిచి వెళ్ళి, రిటైరయ్యేదాకా స్పానిష్ పాఠాలు చెప్పింది. ఆమె చెప్పే పుస్తకంలో దారులు అడగడం నేర్పే పాఠం ఒకటి ఉండేది. అందులోని ఊరు నెర్హా. స్పెయిన్ దక్షిణ తీరంలో, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే చిన్న ఊరు. అక్క ప్రతి ఏడూ బోర్డు మీద ఆ ఊరి పటం గీసి, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన బాల్కనీ ఇదిగో, చర్చి ఇదిగో, ఎడమకు దిగితే బీచ్ అని పిల్లలకు చూపించేది. తాను మాత్రం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అక్టోబర్ ఆఖర్లో ఎండ హాయిగా ఉంటుందని, ఇద్దరం కలిసి వెళ్దామని టికెట్లు తీసుకున్నాం. జూన్‌లో అక్క చనిపోయింది.

ప్రయాణం తేదీల మధ్యలోనే నవంబర్ రెండు, సమాధుల పండుగ పడింది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో పండుగకు ముందే సమాధికి సున్నం వేసి, ఆ రోజు పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తాం. మనిషి పోయాక వచ్చే మొదటి పండుగకు తోడబుట్టినది లేకపోతే మా గుంటూరు బంధువులు మొహం మీదే అడుగుతారు. అడిగారు కూడా. వాళ్ళను తప్పుపట్టలేను, నాకూ మనసొప్పలేదు. వెళ్తే అక్క సమాధి దగ్గర ఉండను. మానేస్తే అక్క అంతగా కోరుకున్న ఊరిని ఇద్దరిలో ఒక్కరమైనా చూడం. విద్యానగర్‌లో ఇన్నేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను గానీ ఇది మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాను. చివరికి అక్క భర్త, మా బావగారే తేల్చారు. ఆయనది సీతాఫల్‌మండి, రైల్వేలో చేసి రిటైరయ్యారు, మాటలు తక్కువ.

"నువ్వు పో రోజమ్మా. సున్నం నేనేస్త. గామె ఏడికి పోతది, గాడనే ఉంటది" అన్నారు.

తార్నాకలో ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కించింది కూడా ఆయనే. హైదరాబాద్ నుంచి నెర్హాకు నేరుగా దారి లేదు. గల్ఫ్‌లో విమానం మారి మాడ్రిడ్ దిగాలి. అక్కడి నుంచి వేగంగా వెళ్ళే రైలు మూడు గంటల లోపే మాలగా చేరుస్తుంది. మాలగా బస్టాండులో నెర్హా బస్సుకు టికెట్ ఐదారు యూరోలు, ప్రయాణం గంటా గంటన్నర. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, దారి పొడుగునా సముద్రం అటే ఉంటుంది. నా స్పానిష్ అంతా అక్క వంటింట్లో కూరలు తరుగుతూ నేర్పిందే. స్టాపు ఎక్కడని డ్రైవరును అడిగితే ఆయన గబగబా ఏదో చెప్పాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా మొహం చూసి ఊరు రాగానే తనే పిలిచి దింపాడు.

అక్క ఎంచి పెట్టిన గది కార్మెన్ అనే పెద్దావిడ ఇంట్లో. డెబ్బై దాటి ఉంటాయి, ఒక్కతే ఉంటుంది. గది నుంచి ఐదు నిమిషాలు నడిస్తే ఊరికి పేరు తెచ్చిన బాల్కనీ వస్తుంది. కొండ కొస మీద కట్టిన పెద్ద అరుగు అది. చుట్టూ ఇనుప కటకటాలు, కింద మూడువైపులా సముద్రం, చూడటానికి టికెట్ లేదు. చర్చి అక్క చెప్పిన చోటే ఉంది. బీచ్‌కు దిగే మెట్లూ అక్క చెప్పిన చోటే ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ ఊరు ఇంత సరిగ్గా తెలిసిన మనిషి ఇక్కడ లేకపోవడమేమిటని చాలాసేపు ఆ కటకటాలు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే బస్సులో గుహలకు వెళ్ళాను. ఊరికి దగ్గరే, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది. లోపల మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. మధ్యాహ్నం బుర్రియానా బీచ్‌లో భోజనం చేశాను. అక్కడ బండి చక్రమంత పెనంలో, కట్టెల పొయ్యి మీద, చేపలూ రొయ్యలూ వేసి అన్నం వండుతారు. అడుగున మాడిన అన్నం కావాలని వంటాయనను చేతులతో సైగ చేసి అడిగాను. ఆయన నవ్వి గరిటెతో గీకి పెట్టాడు, ఇది అడగడం తెలిసినవాళ్ళు తక్కువ అన్నాడు. మా ఇంట్లో మాడు ఎప్పుడూ అక్కదే, నాకు దక్కనిచ్చేది కాదు. ఆ రోజు పళ్ళెం నిండా నాకే దక్కింది, సగం కూడా తినలేకపోయాను.

తిరిగి వస్తుంటే సందు మొదట్లో పూల కొట్టు ముందు చామంతులు రాసులు పోసి ఉన్నాయి. పసుపువీ తెల్లవీ, ఒక్కొక్కటి గుప్పెడంత. అక్క క్లాసుకు వెళ్ళేటప్పుడు జడలో చామంతి లేకుండా వెళ్ళేది కాదు. ప్రాణం లేచొచ్చి పెద్ద కట్ట కొన్నాను. ఒకటి నా జడలో పెట్టుకుని, మిగతావి తీసుకెళ్ళి వంటింట్లో ఉన్న కార్మెన్ చేతిలో పెట్టాను. ఆమె పూల వంక చూసింది, నా జడ వంక చూసింది.

"ఇవి ఎవరికి?" అని మెల్లగా అడిగింది.

మీకే అన్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తమ దగ్గర చామంతులు చనిపోయినవాళ్ళకే పెడతారని, రేపు నవంబర్ ఒకటిన ఊరంతా ఈ పూలు పట్టుకుని సమాధుల దగ్గరికే పోతుందని, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాట విడదీసి చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం కట్ట వెనక్కివ్వలేదు, మళ్ళీ అదే అడిగింది, ఎవరికి అని. ఈసారి అక్క పేరు చెప్పాను, ఆమె ఇక లేదన్నాను. చెప్పగానే, జూన్ నుంచి రాని ఏడుపు ఆ వంటింట్లో వచ్చింది.

మర్నాడు కార్మెన్ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడ సమాధులు నేల మీద కాకుండా గోడలో అరలుగా ఉంటాయి, పై వరసలకు నిచ్చెన వేసుకుని ఎక్కి తుడుస్తారు. జనం తిరునాళ్ళంత ఉన్నారు గానీ గొంతు పెంచినవాళ్ళు లేరు. ఆమె భర్త అర కింది వరసలో ఉంది. పలక తుడిచి, నా చామంతుల్లో సగం ఒక గిన్నెలో పెట్టి, రెండో గిన్నె నా వైపు జరిపింది.

"మీ అక్కవి ఇక్కడ పెట్టు. మా ఆయనకు మాట్లాడేవాళ్ళు కావాలి. మీ అక్క పాఠాలు చెప్పేదన్నావుగా" అంది.

పూలు పెట్టి, తెలుగులోనే ప్రార్థన చేసుకుని, బయటికొచ్చి బావగారికి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఆయన సమాధి పక్కన బకెట్ పెట్టుకుని కూర్చున్నారు, చొక్కా నిండా సున్నం చుక్కలు. పండుగ రేపే అయినా నా తరఫున ఒక రోజు ముందే కాసిని పూలు కూడా పెట్టానన్నారు. జరిగిందంతా చెప్పాను.

"గాడ ఎండ ఉన్నదా?" అన్నారు.

ఉందన్నాను. "అయితే సముద్రం దిక్కు తిప్పు. నాకు కాదు, గామెకు చూపియ్యి" అని తన ఫోన్‌ను సమాధి రాయికి ఎదురుగా పట్టుకున్నారు. తడి ఆరని సున్నం మధ్య అక్క పేరు కనిపించింది. నేను మలుపు దాకా నడిచి, సముద్రం కనిపించే చోట ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. చెయ్యి లాగేదాకా దించలేదు.

నెర్హా బాగుందా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. బాగుంది. ఎండ, నీళ్ళు, తెల్లటి గోడలు, తిండి అన్నీ అక్క చెప్పినట్టే ఉన్నాయి. పండుగకు లేకపోయావే అని బంధువులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. అక్క లేని లోటు అక్కడా తీరలేదు, ఇక్కడికొచ్చాకా తీరలేదు. తార్నాకలో క్యాంపస్ గేటు దాటినప్పుడల్లా గుండె బరువెక్కుతూనే ఉంది. కానీ ఆమె లేదన్న మాట నా నోటితో అన్నది ఆమె ఊరిలోనే, ఆమె నేర్పిన భాషలోనే. అది మంచిదే అయిందని నాకు అనిపిస్తోంది.

మీరూ ఆ రోజుల్లో వెళ్తుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నవంబర్ ఒకటిన అక్కడ సెలవు, కొట్లు చాలామటుకు మూసేస్తారు, బస్సులు తక్కువ. కాబట్టి రొట్టె, పాలు, పూలు ముందు రోజే కొని పెట్టుకోండి. ఆ పూలు ఎవరికని అడిగితే, పేరు చెప్పండి.