అత్త విన్న గడియ చప్పుడు

మా అత్త పోయిన మంగళవారం కన్నుమూసింది. చెప్పాల్సినవాళ్ళకు చెప్పి, వచ్చినవాళ్ళకు కాఫీలు పోసి, ఇప్పటికి కూర్చున్నాను. ఏడుపు ఇంకా రాలేదు. ముందు అలసట వచ్చింది.

అత్త అంటే నా భర్త తల్లి. తమిళనాడులో చిన్నమనూరు పక్కన ద్రాక్షతోటలో బతుకంతా తీగలు కత్తిరించిన మనిషి. ఇంట్లో తెలుగు, తోటలో తమిళం, కోపమొస్తే రెండూ. ఆమెకు చక్కెర జబ్బు ఉందని చాలా ఏళ్ళు మాకెవరికీ తెలియలేదు. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేచేది. చెంబెడు నీళ్ళు గటగటా తాగేది. అరికాళ్ళు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకునేది. వయసు అనుకున్నాం, ఎండ అనుకున్నాం. కాలి పుండు మానక మదురై ఆసుపత్రికి తీసుకెళ్తే రెండు వేళ్ళు తీసేశారు. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయన్నారు.

ఆ తరువాత మూడేళ్ళు ఆమె మంచం పక్కనే పడుకున్నాను. మందు వేసుకుని సరిగా తినని రాత్రుల్లో ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణికేవి. డాక్టరు చెప్పినట్టు చక్కెర నీళ్ళు తాగించి, తేరుకునేదాకా కూర్చునేదాన్ని. పగలు వంట, తోట. మళ్ళీ రాత్రి. ఒకసారి విసుక్కున్నాను కూడా: "ఇప్పుడే కదత్తా పోయొచ్చావు!" ఆ రాత్రి ఆమె మళ్ళీ నన్ను పిలవలేదు. పక్క తడిసిపోయింది. తెల్లారి చూస్తే ఆ దుప్పటి తనే ఉతుకుతూ కూర్చుని ఉంది. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఒక పొద్దున కాఫీ ఇస్తే తీసుకోకుండా నా ముఖంలోకి చూసింది.

"అమ్మణీ, రాత్రి ఎన్నితూర్లు లేస్తివి?"

"నీ కోసమే కదత్తా."

"నేను పిలిచింది రెండుతూర్లే. పెరటి తలుపు గడియ చప్పుడు ఐదుతూర్లు వింటిని. దప్పి అయితా ఉందా?"

"అలుపు అత్తా, అంతే."

"నేనూ అట్లనే అంటిని. పోయి రక్తం చూపించుకో. నువ్వు పోకుంటే ఈ పొద్దు నేను మాత్ర మింగను."

అన్నంత పనీ చేసింది. మధ్యాహ్నం దాకా మాత్ర ముట్టలేదు. భయపడి వెళ్ళాను. నాకూ చక్కెర ఉందని తేలింది. "మంచి సమయానికే వచ్చావమ్మా" అన్నారు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, అత్త గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

అప్పటినుంచి ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది: "నిద్ర చెడితే వయసు మీద వేయొద్దు. పోయి చూపించుకో." కొందరు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. కొందరు వెళ్ళి చూపించుకున్నారు.

కన్నుమూయడానికి నెల ముందు చివరిసారి మదురై వెళ్ళినప్పుడు, ఇక చేయగలిగింది ఏమీ లేదన్నారు. తిరుగు బస్సులో ఆండిపట్టి దాటకముందే నా భుజం మీద నిద్రపోయింది. అంత గాఢంగా ఆమె నిద్రపోవడం నేనెన్నడూ చూడలేదు. మేము దిగాల్సిన చిన్నమనూరు వచ్చినా లేపబుద్ధి కాలేదు. కండక్టరుకు చెప్పి, ఆ తరువాత వచ్చే కంబం దాకా అలాగే కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ ఒడిలోని ఆమె చేతుల మీద పడుతూ, పోతూ ఉంది.