బాధ్యతలు లేవు

మా మేనత్త పోయింది. మహబూబాబాద్ దవాఖాన నుంచి పక్కింటి అక్క ఫోన్ చేసి, "మీ అత్త ఇగ లేదు చెల్లె" అన్నప్పుడు నేను జనగామలో బస్టాండు దగ్గర ఉన్నాను. మేనత్త ఇంటికి చేరేసరికి వాకిట్లో మా నాయిన ఏడుస్తున్నాడు. "నా చెల్లెకు ముందు ఎనుక ఎవ్వలు లేకపాయిరి" అని. ఆయన ఎదురుగానే నిలబడ్డాను.

మా అమ్మ చనిపోయిన ఏడాది తిరక్కముందే నాయిన సంబంధాల పత్రికలో ప్రకటన వేయించుకున్నాడు. అందులో ఆఖరి మాట 'బాధ్యతలు లేవు'. ఆ బాధ్యతకు అప్పటికి ఐదేళ్లు. దాన్ని మేనత్త తన ఇంటికి తెచ్చుకుంది. నాయిన భూపాలపల్లిలో కొత్త కాపురం పెట్టాడు.

మేనత్తకు చిన్న వయసులోనే భర్త పోయాడు. స్టేషన్ రోడ్డులో జాకెట్లు కుట్టేది. ఆ పత్రిక నెలనెలా కొని, మిషన్ తొక్కుతూ నాతో చదివించుకునేది. నేను 'నెమ్మదస్తుడు' అని చదివితే, "అంటె పనికి పోడు" అనేది. 'సొంత ఇల్లు' అంటే, "అన్నదమ్ముల పంచాయితీల ఉన్నది." "అచ్చుల పడ్డంక అందరు బంగారమే బిడ్డా" అని కిసుక్కున నవ్వేది.

ఒకసారి తనకూ వేయించుకుంది. తోడు కావాలని ఆమెకు మాత్రం ఉండదా, మీరే చెప్పండి. ప్రకటనలు రాసే ఆయన అలవాటు కొద్దీ 'బాధ్యతలు లేని వితంతువు' అని రాస్తే కొట్టేయమంది.

"గట్ల రాయకుంటె ఎవ్వలు రారక్కా."

"రాకుంటె మానె. పిల్ల ఉన్నదని రాయి."

మహదేవపూర్ నుంచి ఒక్కాయన వచ్చాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఆ రోజు మేనత్త నీలం చీర కట్టుకుని తలలో పూలు పెట్టుకుంది. మళ్లీ ఎన్నడూ ఆమె తలలో పూలు చూడలేదు. ఛాయ్ తాగుతూ ఆయన, "పిల్లను హాస్టల్ల ఏస్తె అయిపాయె గదా" అన్నాడు. మేనత్త గ్లాసు అందుకుని, "బస్సు టైమైంది, పోయిరా అన్నా" అంది. మా దిక్కు దారిన పోయేవాళ్లను కూడా అన్నా అనే పిలుస్తాం. పెళ్లిచూపులకు వచ్చినవాణ్ణి మాత్రం అనం. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

పత్రిక మూతపడింది, ఫోన్లు వచ్చాయి. యాభై దాటాక ఆ నీలం చీరలోనే ఫోటో దిగి, నాతో సంబంధాల యాప్ పెట్టించుకుంది. పిల్లల గురించి అడిగిన చోట, "నాకు ఉద్యోగమొచ్చింది గదా అత్తమ్మా, ఇప్పుడన్న లేరని పెట్టు" అన్నాను. ఫోన్ లాక్కుని తనే నొక్కింది.

పొద్దున్నే గులాబీ బొమ్మలు పంపినవాళ్లే తప్ప మనిషిగా మాట్లాడినవాడు లేడు. పైగా మా చుట్టాల్లో ఎవరో ఆ ఫోటో గ్రూపులో పెట్టి, "ముసలితనంల ముచ్చట" అని రాశారు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నాయిన కూడా. మేనత్త ఒక్కటే అంది: "మగోడు ఏపిచ్చుకుంటె అవసరం, ఆడిది పెట్టుకుంటె సిగ్గులేనిదా?"

కొరివి పెట్టడానికి నాయిన ముందుకొచ్చాడు. పక్కింటి అక్క అడ్డం నిలబడింది. "బిడ్డ ఉండంగ నువ్వెందుకన్నా?" అని కుండ నా చేతికిచ్చింది.

తిరిగి జనగామ పోతుంటే బస్సులో మేనత్త ఫోన్ మోగింది. ఎవరో ఆమె వివరాలు చూశారట. తెరిచాను. నీలం చీర ఫోటో. దాని కింద, ఆమె నొక్కిన వరుస: పిల్లలు ఉన్నారు. నాతోనే ఉంటారు.