రోట్లో మురుకులు

పందొమ్మిది వందల యాభైల్లో ఒక మధ్యాహ్నం, సిగ్నల్ పడక మా రైలు వ్యాసర్పాడి యార్డు దగ్గర ఆగిపోయింది. పంటినొప్పితో రాత్రంతా నిద్ర లేదు. వాచిన దవడని చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఒక పెద్దావిడ, వక్కలు దంచుకునే ఇత్తడి రోట్లో మురుకులు వేసి నలగ్గొడుతోంది. ఆవిడ నోట్లో ఒక్క పన్ను లేదు.

"పైపన్నా నాయినా?" అంది.

తలూపాను. "డాక్టరు పీకాలన్నాడు. పైపన్ను పీకితే కళ్ళు పోతాయని మా అమ్మ ఒప్పుకోవడం లేదు."

"మా ఇంట్లోనూ అట్నే చెప్పిరి. భయపడి ఒక్కదానికీ డాక్టరు దెగ్గిరికి పోలా. అన్నీ పుచ్చి, వాటంతట అవే రాలిపాయ."

"మరి కళ్ళు?"

"బాగుండాయి." దంచడం ఆపి, పక్కన కరకరా నములుతున్నవాళ్ళ వైపు అలసటగా చూసింది. "ఎవురేం తింటా ఉండారో అంతా బాగా కనబడతాది."

రైలు దిగి అట్నుంచి అటే పురసవాక్కంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

చాలా ఏళ్ళకి చత్వారం వచ్చి నేను కళ్ళద్దాలు పెట్టుకుంటే, ఆ పన్ను పీకించుకున్నందుకేనని మా అమ్మ తేల్చేసింది. అప్పుడు నా నోటినిండా మురుకులున్నాయి.