అల్మాస్‌గూడ ఆకాశంలోంచి మా ప్లాటు

అల్మాస్‌గూడలో మా ఖాళీ ప్లాటు పక్కింటి మార్తమ్మ గారు ప్రహరీకి పునాది తవ్విస్తున్నారని, అది మా వైపు జరిగిందని ఎవరో మా ఆవిడ చెవిన వేశారు. కాంక్రీటు పడితే ఇక కదపలేం. శనివారం పొద్దున్నే మా బావమరిది కిశోర్‌తో దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. పెళ్లి వీడియోల కోసం కొన్న చిన్న డ్రోను వాడి ఒళ్లో ఉంది. భూమి కొలవడానికని చెబితే పక్కనున్న పెద్దాయన ఆలోచించి, "పైకెల్లి కొలుస్తె నడుమల గాలి గూడ లెక్కలకొస్తదా?" అన్నాడు.

కర్మన్‌ఘాట్‌లో ఆటో మారి తొమ్మిదికల్లా చేరాం. మార్తమ్మ గారు దవాఖానలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చారు. దారంతా పేర్చుకున్న కోపం మాటలు ఆవిడిచ్చిన టీతో మింగేశాను. కిశోర్ డ్రోను ఎగరేసి, ఫొటోలన్నీ లాప్‌టాప్‌లో అతికించి, దాని మీద లేఅవుట్ నక్షా పరిచాడు. మా హద్దు తిన్నగా ఆవిడ బాత్రూమ్‌లోంచి వెళ్లింది.

ఆవిడ తొణకలేదు. "ఇంకోపారి లేపుండ్రి సార్, సూద్దాం."

ఈసారి హద్దు మా వైపు జరిగి, మా ప్లాటులోని బోరు ఆవిడ స్థలంలో తేలింది.

"ఫొటోలో కొలతలు కరెక్టే బావా. ఫొటో మొత్తమే నేల మీద రెండు మూడు గజాలు జరుగుతుంది. నేల మీద తెలిసిన గుర్తులుంటే వాటికి కట్టేయొచ్చు" అన్నాడు కిశోర్ మెల్లగా. ఈ ముక్క ఆటోలోనే చెప్పుంటే బాగుండేది.

ముగ్గురం ఇసక తవ్వి, మల్లె కుండీలు జరిపి హద్దురాళ్లు పట్టుకున్నాం. వాటి మీద సున్నంతో గుర్తులు పెట్టి మళ్లీ ఎగరేశాం. పునాది ఆవిడ వైపే ఉంది, అదీ జానెడు లోపలికి.

"రాళ్లు దొరికినంక డ్రోన్ ఎందుకు సార్, టేపు పట్టరాదుండ్రి?" అన్నారావిడ. కిశోర్ రోషంగా టేపు పట్టాడు. డ్రోను లెక్కకీ టేపుకీ రెండు వేళ్లే తేడా వచ్చింది. వాడి ముఖం వెలిగింది, నాది వాడింది.

క్షమించమన్నాను. రెండు గోడలెందుకు, రాళ్ల గీత మీద ఒకటే కట్టుకుందామని ఆవిడే అన్నారు. ఒప్పుకున్నాను.

ఎల్బీనగర్ దాకా ఆటోలో వచ్చి మెట్రో ఎక్కాం. ఇలా వెళ్లేవారు ఎగరేసే ముందు రాళ్లు వెతుక్కోండి, పక్కవారిచ్చే టీ కాదనకండి. రైల్లోంచే మా ఆవిడకి ఫోన్ చేసి ఉమ్మడి గోడ సంగతి చెప్పాను.

"మన వైపు ఏ రంగు వేద్దాం?" అంది.