నెల్సన్ గారు నమ్మిన సర్వర్

పొద్దున్న ఏడు గంటలు, ముసురు. క్రీస్తుదాసు కడుపులో పేగులు అరుస్తున్నాయి. ఇడ్లీ పొట్లం ఎదురుగానే ఉన్నా తినడానికి లేదు. నెల్సన్ గారు ఒక ముక్క కొరికి, తక్కినది మూసేసి, వాచీ చూసుకుంటున్నారు. రెండు గంటలు పరీక్షించనిదే ఆయన దేన్నీ నమ్మరు.

రొయ్యల చెరువులో చెక్ ట్రే అని ఒకటి ఉంటుంది. పళ్లెంలో గుప్పెడు మేత వేసి నీళ్లలోకి దింపి, రెండు గంటలాగి పైకి లాగితే రొయ్య తిన్నదీ లేనిదీ తెలుస్తుంది. దెందులూరు అవతల నరసరాజు గారి చెరువులకి టెక్నీషియనైన నెల్సన్ గారు ఆ పళ్లేన్ని లోకమంతటికీ దింపేశారు. కొత్త చెప్పులు కొంటే ఒక్క కాలికే వేసుకుని రెండు గంటలు గట్టు మీద తిరుగుతారు. తణుకులో పెళ్లిచూపులకెళ్లి మాటాపలుకూ లేకుండా రెండు గంటలు కూర్చుంటే, పెళ్లికూతురే లేచి పొలానికి వెళ్లిపోయిందట.

ఆరో క్లాసులో బడి మానేసిన క్రీస్తుదాసుకి ఈ చెరువులు తప్ప వేరే బతుకు లేదు. ఆ వారం రాజుగారు వచ్చి పెద్ద మాటే అనేసి వెళ్లారు.

"కెమెరాలూ ఆక్సిజన్ మీటరూ ఏలూర్లో నా ఫోన్లో కనపడాలి. అదయ్యాక గట్టు మీద ఒక్కడు చాలు."

ఉన్నది ఇద్దరు. అందులో చదువుకున్నవాడు నెల్సన్. ఇంక పోయేదెవరో క్రీస్తుదాసుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

గట్టు మీది సిమ్ము నెట్టుకి బయటినుంచి దారి లేదు. ఎక్కడో ఒక సర్వర్ అద్దెకి తీసుకుని, అందులో సొంత వీపీఎన్, అంటే మనకొక్కళ్లకే తెలిసిన చాటుదారి, పెట్టుకుంటే ఫోనూ కెమెరాలూ అక్కడ కలుసుకుంటాయి. ఆ సర్వర్ ఎవరి దగ్గర తీసుకోవాలన్నదే ప్రశ్న.

"నా చేతుల నిండా తడి మేతండీ. మీరే నొక్కండి, దాసుగారూ," అని నెల్సన్ లాప్‌టాప్ ఇటు తోశారు.

"నాకు ఏబీసీడీలే సరిగ్గా రావండి!"

"రెండు గంటలు చూడండి. అయ్యే వస్తాయి."

మొదటి కంపెనీవాడికి నెల్సన్ ఫోన్ చేశారు. "ఒక మెషిన్లో ఎంతమందిని వేస్తారండీ?"

"అన్‌లిమిటెడ్ సార్!"

ఆయన గంభీరంగా ఫోన్ పెట్టేశారు. "లెక్కలేకుండా రొయ్యపిల్ల వేసిన చెరువులో నాలుగో వారానికే అంతా చచ్చి తేలుద్దండి. కొట్టెయ్యండి."

రెండోవాడి సర్వర్ జర్మనీలో ఉంది. చవక. కెమెరా ముందు నెల్సన్ చెయ్యి ఊపి దింపేశాక, బొమ్మలో తీరుబడిగా లేచింది.

"అబ్బే. రొయ్య చచ్చాక ఎగిరినట్టు చూపిస్తాడండి ఈయన."

రోజుకొకటి, ఒక్కోదానికీ రెండేసి గంటలు. ప్రతిదాన్నీ పెట్టిందీ, విప్పిందీ, మళ్లీ పెట్టిందీ క్రీస్తుదాసే. తన గొయ్యి తనచేతే తవ్విస్తున్నాడని లోపల తిట్టుకుంటూనే నొక్కాడు.

ఏడోది హైదరాబాదులో ఏదో చిన్న కంపెనీ. "మెషిన్‌కి పన్నెండు మందేనండి," అంది ఫోనెత్తిన ప్రసన్నకుమారి అనే అమ్మాయి. "కరెంటు పోతే?" "జనరేటర్ ఉందండి. నెల రోజులు చూసుకుని చెప్పండి, కంగారేం లేదు."

"మన మనిషేనండి," అన్నారు నెల్సన్.

మర్నాడు తెల్లారి షెడ్డులో ఆయన మంచం ఖాళీగా ఉంది. క్రీస్తుదాసు అర్థంకాక చూస్తుండగా రాజుగారి ఫోను.

"నెల్సన్ మానేశాడయ్యా. ఇప్పుడే మెసేజీ పెట్టాడు. ఏడు సర్వర్లూ దాసుగారే పెట్టారు, నాకా పని రాదు, గట్టు మీద ఆయన్నే ఉంచండి అని. నిజవేనా?"

నిజమే. పెట్టింది తనే. కానీ మేత అంటిందన్న ఆయన చేతులు వారం రోజులూ ఎప్పుడు చూసినా శుభ్రంగా పొడిగానే ఉన్నాయి కదా!

"నీకా పని వచ్చా, రాదా?"

"వచ్చండి."

"అయితే నువ్వే ఉండు."

క్రీస్తుదాసు ఫోన్లో గేటు కెమెరా తెరిచాడు. అరమైలు అవతల ముసురులో, భుజాన సంచీతో నెల్సన్. పిలుద్దామంటే కెమెరాకి నోరు లేదు. ఆయన ఆగి, ఒంగిపోయిన కెమెరాని నిటారుగా నిలబెట్టారు. జేబురుమాలు తీసి అద్దం మీది చినుకులు తుడిచారు. బొమ్మ తేటపడింది. అందులోంచే రోడ్డెక్కి వెళ్లిపోయారు.